మార్కుల మెమో కన్నా ముందు పిల్లల ముఖం చూడండి

పది ఫలితాలు వచ్చాక ఇంటర్‌లో ఏ గ్రూపు, ఏ కాలేజీ అన్న చర్చ ప్రతి ఇంట్లోనూ నడుస్తుంది. ఆ రోజుల్లో మా మెడికల్ ఓపీకి వచ్చే రద్దీ కాస్త వేరుగా ఉంటుంది. తలనొప్పి, కడుపులో మంట, గుండె దడ, కళ్లు తిరగడం... ఫిర్యాదులన్నీ పెద్దవాళ్లవే. ఓపీ చీటీ మీద వయసు మాత్రం పదిహేను, పదహారు, పదిహేడు.

ఈమధ్య ఒక తల్లి ఇంటర్ చదివే కొడుకును తీసుకొచ్చింది. ‘‘రెండు నెలల నుంచి ఒకటే తలనొప్పి సార్. స్కాన్ రాయండి’’ అంది. బీపీ చూశాను. కంటి లోపల నరం చూశాను. అద్దాలు అవసరమేమోనని కంటి విభాగానికి పంపాను. అన్నీ బాగానే ఉన్నాయి. ‘‘రాత్రి ఎన్నింటికి పడుకుంటావు నాన్నా?’’ అని అడిగాను. పదకొండున్నరకు. లేచేది? నాలుగున్నరకు. తలనొప్పి ఎప్పుడు మొదలైంది? కుర్రాడు తల్లి వంక చూశాడు. కాస్త ఆగి, ‘‘సెక్షన్ మార్చాక’’ అన్నాడు. వారాంతపు పరీక్షల్లో మార్కులు తగ్గాయని కాలేజీ వాళ్లు పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు పంపారట. ఆ సంగతి తల్లికి అప్పటిదాకా తెలియదు.

మార్కులు మంచివా, గ్రేడులు మంచివా అని మన రెండు రాష్ట్రాల్లో ఏళ్లుగా వాదన సాగుతోంది. డాక్టరుగా నేను గమనించింది ఒకటుంది. కొలిచినంత మాత్రాన ఎవరికీ జబ్బు రాదు. ఎన్నిసార్లు కొలుస్తున్నాం, ఆ లెక్కను ఎవరి ముందు చదివి వినిపిస్తున్నాం, దానికోసం ఎంత నిద్ర కోస్తున్నాం అన్నదాన్ని బట్టి వస్తుంది.

మార్కుల నుంచి గ్రేడులకు, మళ్లీ మార్కులకు

ఉమ్మడి రాష్ట్రంలో 2012 పదో తరగతి ఫలితాల నుంచి గ్రేడులు మొదలయ్యాయి. ఒక్క మార్కు తేడాతో పిల్లలు కుంగిపోకూడదని, ర్యాంకుల ప్రకటనల హోరు తగ్గాలని ఆ ఏర్పాటు. తర్వాత ఏమైంది? ర్యాంకుల స్థానంలో ‘పదికి పది జీపీఏ’ ఫ్లెక్సీలు వచ్చాయి. పోటీ అలాగే ఉంది, దాని పేరు మారిందంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 పదో తరగతి ఫలితాలు మళ్లీ మార్కులతో వచ్చాయి. ఆ ఏడాదే విద్యాసంస్థలు ర్యాంకుల ప్రకటనలు ఇవ్వకూడదని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. తెలంగాణ 2024 నవంబరులో గ్రేడింగ్‌ను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. ఇంటర్నల్స్‌కు ఇచ్చే 20 మార్కులను కూడా తీసేసి, పరీక్షను పూర్తిగా 100 మార్కులకు పెడతామని మొదట చెప్పింది. ఆ మార్పు వాయిదా పడి, 2025-26లోనూ 80-20 పద్ధతే కొనసాగింది.

మార్కులు తిరిగి రావడానికి కారణాలు లేకపోలేదు. బాసర, నూజివీడు వంటి ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి ప్రతిభ మీదే ఇస్తారు. వందల మందికి ఒకే జీపీఏ వస్తే ఎవరికి సీటివ్వాలో తేల్చడం కష్టం. కాబట్టి మార్కులు వేయడాన్ని నేను తప్పు పట్టడం లేదు. వాటిని మనం చదివే తీరు మీదే నా అభ్యంతరం.

హిమోగ్లోబిన్ 11.9 అయితే?

పదిహేనేళ్ల అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 ఉండాలంటాం. ఒక అమ్మాయికి 11.9, ఇంకో అమ్మాయికి 12.1 వచ్చిందనుకోండి. లెక్క ప్రకారం మొదటి అమ్మాయికి రక్తహీనత, రెండో అమ్మాయికి లేదు. నిజానికి ఇద్దరి ఆరోగ్యంలో తేడా ఏమీ ఉండదు. అదే రక్తాన్ని మళ్లీ పరీక్షిస్తే అంకెలు తారుమారు కావచ్చు. గ్రేడులతో వచ్చిన చిక్కు ఇదే. 91 తెచ్చుకుంటే ఎ1, 90 దగ్గర ఆగితే ఎ2. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న పిల్లల మధ్య నిజంగా తేడా లేదు. 91కీ 100కీ మధ్య ఉన్న తేడాను మాత్రం గ్రేడు దాచేస్తుంది.

మార్కులది దీనికి ఎదురు చిక్కు. లేని తేడాను ఉన్నట్టు చూపిస్తాయి. 563కీ 558కీ మధ్య ఐదు మార్కులు చదువులో తేడాయే కావాలని లేదు. ఆ రోజు ప్రశ్న, దిద్దిన వారి చెయ్యి, పిల్లవాడి జ్వరం... ఏదైనా కావచ్చు.

అంకె పూర్తిగా తప్పు కావడం కూడా చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు. అసలు వచ్చింది 99. ఆ ఫలితాల తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులను కోల్పోయాం. ఒక ప్రాణం పోవడానికి ఒకే కారణం ఉండదు. అయినా ఆ వేసవిని మనం మరిచిపోకూడదు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన వారి జవాబు పత్రాలన్నీ తిరిగి పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది.

మా ఆస్పత్రిలో ఒక రిపోర్టు మనిషికి పొంతన లేకుండా వస్తే మందు రాయం, పరీక్ష మళ్లీ చేయిస్తాం. మెమో విషయంలోనూ అదే చేయండి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంది, పాసైతే ఆ ఏడాదే పై చదువుకు వెళ్లవచ్చు. ఫస్టియర్ మార్కులు పెంచుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ ఉంది. ఇవన్నీ పిల్లలకు ఫలితాలకు ముందే చెప్పి ఉంచాలి. ఫలితం వచ్చాక చెబితే ఓదార్పులా వినిపిస్తుంది. ముందే చెబితే భరోసాగా ఉంటుంది.

అసలు దెబ్బ వారం వారం పరీక్షలతో

ప్రభుత్వ పరీక్ష ఏడాదికోసారి వస్తుంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో పరీక్ష వారానికోసారి, కొన్నిచోట్ల రోజూ ఉంటుంది. మార్కులు నోటీసు బోర్డు మీదికి, తల్లిదండ్రుల ఫోన్లలోకి వెళ్తాయి. వాటిని బట్టి సెక్షన్లు మారుస్తారు. ఇలాంటి చోట పిల్లల ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి.

ప్రమాదం ఎదురైనప్పుడు మన శరీరం ఎడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణం మందగిస్తుంది. కుక్క తరిమినప్పుడు ఇది మంచిదే, పది నిమిషాల్లో సర్దుకుంటుంది. ప్రతి ఆదివారం పరీక్ష, ప్రతి సోమవారం జాబితా అయితే సర్దుకునే తీరిక ఉండదు. మెడ, నుదుటి కండరాల బిగువు తలనొప్పి అవుతుంది. కడుపులో తిప్పుతుంది. పరీక్ష హాల్లో ఊపిరి వేగంగా తీసుకోవడంతో చేతివేళ్లు తిమ్మిరెక్కి, ‘గుండెపోటేమో’ అని భయపడి వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. అది నటన కాదు, బద్ధకం అంతకన్నా కాదు. ఈసీజీ బాగుందంటే బాధ లేదని అర్థం కాదు.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో మాట్లాడింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న తీర్పిస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. చదువులో ప్రతిభను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని చెప్పింది. వంద మందికి పైగా విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని చెప్పింది. చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయి. ఫీజు కట్టే ముందు ‘ఐఐటీ ర్యాంకులెన్ని?’ అని అడుగుతాం కదా. ‘మీ కౌన్సెలర్ ఎవరు? సెక్షన్లు ఏ ప్రాతిపదికన మారుస్తారు?’ అని కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది.

నిద్ర కోస్తే మార్కులు పెరగవు

13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ విడుదల కావడం ఒకటి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. అందుకే తొమ్మిదింటికి పడుకోమంటే నిద్ర రాదు, నాలుగింటికి లేపితే మెలకువ రాదు. అది మొండితనం కాదు, వయసు తీరు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఐదు గంటలు పడుకున్న పిల్లవాడు పదహారు గంటలు పుస్తకం ముందు కూర్చున్నా, చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే.

దీనికి రక్తహీనత తోడవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పొద్దున టిఫిన్ మానేసి, టీతో సరిపెట్టుకుని క్లాసుకు వెళ్లే అమ్మాయికి చదివింది బుర్రకెక్కడం లేదంటే, ముందు చూడాల్సింది హిమోగ్లోబిన్. పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. వారానికోసారి వేసుకునే ఐరన్ మాత్రలు ప్రభుత్వ బడుల్లో ఇస్తారు. భోజనం అయిన గంటలోపు టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదని కూడా గుర్తుంచుకోండి.

గ్రూపు ఎంపిక: తలుపులు అంత త్వరగా మూసుకోవు

పదిహేనేళ్ల వయసులో ఎంపీసీ, బైపీసీల మధ్య గీత గీసి, ఇక జీవితమంతా దాని మీదే అన్నట్టు మాట్లాడతాం. ఇప్పుడు ఆ గీత అంత గట్టిది కాదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లో 2025-26 నుంచి ఎంపీసీ వాళ్లు జీవశాస్త్రాన్ని, బైపీసీ వాళ్లు గణితాన్ని అదనంగా తీసుకునే వీలు కల్పించారు. ఇంటర్ అయ్యాక జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైనవారు కూడా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో స్పష్టం చేసింది. బీఫార్మసీలో రెండు గ్రూపుల వారూ చేరవచ్చు. అయితే అదనపు సబ్జెక్టు అంటే అదనపు గంటలు కూడా. ‘ఎందుకైనా మంచిది, రెండూ చదివించండి’ అని పెద్దలే నిర్ణయిస్తే మళ్లీ నిద్రకే కోత పడుతుంది.

ఏ మార్కు ఎక్కడ అవసరమో తెలుసుకుంటే సగం భయం పోతుంది. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ 2023లో దాన్ని తీసేసింది. జేఈఈ ద్వారా ఎన్ఐటీలో చేరాలంటే జనరల్ అభ్యర్థికి ఇంటర్‌లో 75 శాతం రావాలి, లేదా బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎంబీబీఎస్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ అభ్యర్థికి 50 శాతం చాలు, సీటు మాత్రం నీట్ ర్యాంకును బట్టే. వీటిలో ఎక్కడా కాలేజీ వాళ్ల వారాంతపు పరీక్ష మార్కు అడగరు. మన పిల్లలు ఎక్కువగా ఏడ్చేది మాత్రం దానికోసమే.

ఇది ఇతరులకు చెప్పడం తేలిక. మా అమ్మాయి పది పాసై ‘సీఈసీ తీసుకుంటా’ అన్నప్పుడు, ‘డాక్టరు కూతురివి, సీఈసీ ఏమిటి?’ అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. రెండు రోజులు ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు. మూడో రోజు కూర్చోబెట్టి ‘ఎందుకు?’ అని అడిగాను. లా చదవాలని తొమ్మిదో తరగతి నుంచి అనుకుంటోందట. ఆ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి రావాలి?

అన్నింటినీ ‘టెన్షన్’ అని కొట్టిపారేయకండి. పొద్దున లేవగానే తలనొప్పితో వాంతులవుతున్నా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, జ్వరం వదలకపోయినా, బరువు తగ్గుతున్నా, నొప్పికి రాత్రి మెలకువ వస్తున్నా వెంటనే చూపించాలి. వీటికి పరీక్షలు అవసరం.

మనసుకు సంబంధించిన గుర్తులు వేరు. రెండు వారాలకు మించి దిగులుగా ఉండటం, ఇష్టమైన ఆటపాటలు వదిలేయడం, స్నేహితులకు దూరం కావడం, తిండి, నిద్ర బాగా మారిపోవడం, ‘నేను లేకపోతే మీకే హాయి’ వంటి మాటలు, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం. ఇలాంటివి కనిపిస్తే ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే పిల్లలను ఒంటరిగా వదలకండి. అదే రోజు ఆస్పత్రికి తీసుకురండి. టెలి మానస్ 14416 నంబరు ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, తల్లిదండ్రులూ చేయవచ్చు.

మొదట చెప్పిన ఆ అబ్బాయికి నేను స్కాన్ రాయలేదు. నిద్ర వేళలు రాసిచ్చాను. కాలేజీ వాళ్లతో మాట్లాడమని తల్లికి చెప్పాను. మూడు వారాల తర్వాత వచ్చారు. తలనొప్పి పూర్తిగా పోలేదు, తగ్గింది. సెక్షన్ అదే. ‘‘ఫోన్ చేస్తే ఇదివరకు మార్కులెన్నని అడిగేదాన్ని సార్. ఇప్పుడు అన్నం తిన్నావా, నిద్రపోయావా అని అడుగుతున్నా’’ అంది తల్లి. ‘‘మార్కులు వాడే చెబుతున్నాడు.’’

ఈ వారం మీరూ ఆ రెండు ప్రశ్నలు ముందు అడిగి చూడండి.