ఆ చేయి ఒక అమానతు

ఉద్దానం వారికి మూత్రపిండాల వ్యాధి గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో దశాబ్దాలుగా అది కుటుంబాలను కుంగదీస్తున్నది. మూలకారణం నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ జరుగుతున్న రోగి ఉన్న ఇంటివారికి ఈ నెల మేము ఒక్క విషయం గుర్తు చేయదలచాము: బి.పి. ఏ చేతికి చూడాలి?

డయాలసిస్ కోసం రోగి చేతిలో ధమనిని, సిరను కలిపి కుడతారు. దానినే ఫిస్టులా అంటారు. అది వాడకానికి సిద్ధం కావడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఆ చేతికి బి.పి. పట్టీ బిగిస్తే రక్తప్రవాహం ఆగి, గడ్డకట్టి, ఫిస్టులా మూసుకుపోవచ్చు. అప్పుడు మెడ దగ్గర గొట్టం వేయడం, మరో శస్త్రచికిత్స. శరీరంలో ఫిస్టులాకు అనువైన చోట్లు కొన్నే. రక్తపరీక్షకు సూది, సెలైన్ కూడా ఆ చేతికి వద్దు.

ఇది రోగులకు తెలియక కాదు, ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. చిక్కు మొహమాటంతోనే. వైద్య శిబిరంలో పట్టీ పట్టుకున్నవారు ఏ చేయి అందుకుంటే మన పెద్దలు ఆ చేయే ఇచ్చేస్తారు. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. "ఈ చేయి కాదమ్మా, ఆ చేయి" అనడం అమర్యాద ఎలా అవుతుంది? రోగి అనలేకపోతే పక్కనున్న కొడుకో కోడలో అనాలి.

వుజూ చేసేటప్పుడు చొక్కా చేతిని ఫిస్టులా మీద బిగుసుకుపోయేలా మడవకూడదు. బిగుతు గాజులూ, వాచీ కూడా ఆ చేతికి తగవు. కుడి పక్కకు తిరిగి పడుకోవడం సున్నత్. అయితే ఫిస్టులా కుడి చేతికే ఉంటే దానిపై బరువు వేయక ఎడమకు తిరగండి. సున్నత్ తప్పిందని దిగులు పడనక్కరలేదు.

ఇంట్లో బి.పి. చూసే ముందు రోగిని 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టండి. ఫిస్టులా లేని చేతిని గుండె ఎత్తులో బల్లపై ఉంచి, బట్ట మీద కాక చర్మం మీదే పట్టీ చుట్టండి. అంకెలు పుస్తకంలో రాసి డయాలసిస్‌కు తీసుకెళ్లండి. రెండు చేతులకూ ఫిస్టులా ఉన్నవారు డాక్టరును అడిగే చూపించుకోవాలి. డయాలసిస్ అయిన రోజు బి.పి. పడిపోయి, సజ్దా నుంచి లేచేటప్పుడు తల తిరగవచ్చు. అలాంటివారు కూర్చుని నమాజు చేయడానికి షరీఅత్ అనుమతి ఉన్నది.

రోజూ ఫజ్ర్ తరువాత ఫిస్టులా మీద వేళ్లు ఆనించి చూడండి. సన్నని ప్రకంపన తగలాలి. తగలకపోతే మరుసటి డయాలసిస్ రోజు దాకా ఆగక, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.