తూటాల మీద ఆంక్షలు సరే, పులికాట్‌లో సీసం సంగతి ఎవరు చూస్తారు?

సీసం తూటాల మీద ప్రపంచంలో ఒక్కో ప్రభుత్వం ఆంక్షలు పెడుతోంది. నీటి పక్షుల వేటలో సీసం గుళ్లను అమెరికా 1991లోనే ఆపేసింది. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలల్లో, వాటి చుట్టూ వంద మీటర్ల లోపు సీసం గుళ్లు పేల్చకూడదంది. డెన్మార్క్ 2024లో వేటకు వాడే సీసం బుల్లెట్లను కూడా నిషేధించింది. 2025 జులైలో బ్రిటన్ ప్రభుత్వం కూడా ఆంక్షలు ప్రకటించి, మారడానికి మూడేళ్ల గడువు ఇచ్చింది.

నెల్లూరు తీరంలో ఈ వార్త చదివినవాళ్లకు ఇది మనది కాని గొడవ అనిపించడం సహజం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటే నేరమైపోయింది. పులికాట్, నేలపట్టు రెండూ 1976 నుంచి పక్షుల అభయారణ్యాలు. ఆ చట్టంలోని సెక్షన్ 31 ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. వేటే లేనప్పుడు తూటా సమస్య ఎక్కడిది?

కాగితం మీద ఈ వాదన కరెక్టే. కానీ సీసం నీళ్లలోకి రావడానికి లైసెన్సు తుపాకీ ఒక్కటే దారి కాదు. దొంగచాటుగా పక్షులను కొట్టే నాటు తుపాకీ గుళ్లు ఒక దారి. అంతకంటే మామూలుగా, ఎవరూ నేరం అనుకోని దారి ఇంకొకటి ఉంది. అది వలకు కట్టే సీసం గుండ్లు.

పక్షి కడుపులోకి ఎలా వెళ్తుంది?

పక్షులకు పళ్లుండవు. బాతుల లాంటి పక్షులు గింజల్ని అరిగించుకోవడానికి చిన్న చిన్న రాళ్లు ఏరుకుని మింగుతాయి. బురదలో పడి ఉన్న సీసం గుండును కూడా రాయనుకునే మింగేస్తాయి. కడుపులో అది అరిగేకొద్దీ సీసం రక్తంలో కలుస్తుంది. కాళ్లు, రెక్కలు పట్టు తప్పుతాయి. తిండి అరగదు. చివరికి పక్షి చిక్కి చచ్చిపోతుంది. ఫ్లెమింగో అయితే బురద నీటిని ముక్కుతో వడకట్టి తింటుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

దీనికి సైప్రస్‌లోని లార్నకా ఉప్పు సరస్సే సాక్ష్యం. అక్కడ 2020, 2021 ప్రాంతంలో ఫ్లెమింగోలు పదుల సంఖ్యలో చచ్చిపోయాయి. కారణం సీసం విషం అని తేల్చారు. అది ఆ ఏడాది పేల్చిన తూటాలది కాదు. సరస్సు పక్కన ఉన్న షూటింగ్ రేంజ్ మూసేసి అప్పటికే చాలా ఏళ్లయింది. గుళ్లు మాత్రం బురదలో అలాగే ఉన్నాయి. సీసంతో వచ్చే చిక్కే ఇది. నేడు వాడకం ఆపినా పాత బాకీ వెంటనే తీరదు, ఆపడం ఆలస్యమైతే బాకీ ఇంకా పెరుగుతుంది.

వేనాడు దర్గా గంధానికి వెళ్లినవాళ్లకు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద ప్రయాణించినవాళ్లకు ఆ సరస్సు ఎంత లోతు లేనిదో తెలుసు. దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. 2022 ఏప్రిల్ జిల్లాల విభజనలో ఈ వైపు భాగం తిరుపతి జిల్లాకు వెళ్లింది. 2025 జనవరిలో ప్రభుత్వం ఇక్కడ మూడు రోజుల ఫ్లెమింగో ఫెస్టివల్ జరిపింది. పక్షుల పేరుతో పండగ చేసే చోట, ఆ పక్షుల కాళ్ల కింది బురదలో సీసం ఎంత ఉందో కొలవడం కూడా పండగ పనుల్లో ఒకటి కావాలి.

మత్స్యకారుడి లెక్క

సీసాన్ని వద్దనడం తేలిక, వదలడం కష్టం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. ఇంటి పొయ్యి మీద పాత బ్యాటరీ సీసాన్ని కరిగించి కావలసిన సైజులో గుండ్లు పోసుకోవచ్చు. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు. పైగా ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు వల దారాన్ని కోసేస్తుంది.

బరువు లెక్కలో మాత్రం ఇనుము అంత వెనకబడి లేదు. నీళ్లలో మునిగాక కిలో సీసం దాదాపు 910 గ్రాముల బరువుతో వలను కిందికి లాగుతుంది. కిలో ఇనుమైతే దాదాపు 870 గ్రాములు. తేడా కొద్దిగానే. తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప గుండ్లు, గొలుసులు చాలా వలలకు సరిపోతాయి. పూర్వం వాడిన కాల్చిన మట్టి గుండ్లు చౌకే గానీ నీళ్లలో వాటి బరువు సగానికి పడిపోతుంది. విసురువల నెమ్మదిగా మునిగితే చేప తప్పించుకుంటుంది. అందుకని అవి నిలువుగా కట్టే వలలకే నయం.

పక్షి మింగేది చిన్న గుండునే. అందుకే బ్రిటన్ 1987లో చేపల గాలాలకు కట్టే సీసంలో చిన్న సైజుల అమ్మకాన్ని ఆపింది. హంసలు చచ్చిపోతుంటే తీసుకున్న నిర్ణయం అది. ఇక్కడ కూడా ముందు చిన్న గుండ్లతో మొదలుపెడితే మత్స్యకారుడి మీద భారం తక్కువ పడుతుంది.

ఇంట్లో సీసం కరిగించడం పక్షుల కంటే ముందు పిల్లలకు ముప్పు. ఆ పొగ, బూడిద పీల్చినా, చేతికంటి నోట్లోకి పోయినా మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంత వరకు పర్వాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన దేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2020లో యునిసెఫ్ నివేదిక అంచనా వేసింది.

షూటర్లకు దారి ఏది?

వేటకు బయట దేశాల్లో ఉక్కు, బిస్మత్, టంగ్‌స్టన్ గుళ్లు వాడుతున్నారు. ఉక్కు చౌక, కానీ తేలిక. పెద్ద సైజు గుళ్లు కావాలి, పాత తుపాకీ గొట్టాలన్నిటికీ అది సరిపడదు. బిస్మత్ సీసానికి దగ్గరగా ఉంటుంది గానీ ధర ఎక్కువ.

ఆటలో ఇబ్బంది వేరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన ఎయిర్ రైఫిల్ పోటీలో వాడేవి సీసం పెల్లెట్లే. తగరం పెల్లెట్లు ఉన్నా, గురి విషయంలో పోటీ షూటర్లు సీసాన్నే నమ్ముతున్నారు. అందుకే బ్రిటన్ కూడా పెద్ద స్థాయి ఆటగాళ్లకు, జాగ్రత్తలు పాటించే రేంజ్‌లకు మినహాయింపులు ఇచ్చింది. రేంజ్‌లో గుళ్లను పట్టి పోగు చేసే ఏర్పాటు, గాలి బాగా ఆడే గది, తిండికి ముందు చేతులు కడగడం, ఆ బట్టలను విడిగా ఉతకడం: షూటింగ్ నేర్చుకునే పిల్లలున్న ఇళ్లు అడగాల్సినవి ఇవి.

నిషేధంతో పాటు డబ్బు కూడా

మన దేశానికి ఇందులో అనుభవం లేకపోలేదు. రాబందులు చచ్చిపోతుంటే 2006లో పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. అప్పటికే మెలాక్సికామ్ అనే ప్రత్యామ్నాయం చేతిలో ఉంది కాబట్టి రైతుకు మందు లేకుండా పోలేదు. సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం నడుస్తోంది. ఆ రోజులకు రాష్ట్రం ఇచ్చే భృతిని 2025లో 20 వేలు చేశారు. చేపల వేట ఆపమన్నప్పుడు నష్టం కట్టిస్తున్న ప్రభుత్వం, గుండ్లు మార్చమన్నప్పుడు కూడా అదే పద్ధతి పాటించాలి.

చట్టంలో పట్టు ఇప్పటికే ఉంది. అభయారణ్యంలో వన్యప్రాణులకు హాని చేసే పదార్థాలేవీ వాడకూడదని సెక్షన్ 32 చెబుతోంది. వలస జీవుల ఒప్పందంలో భారత్ 1983 నుంచి సభ్య దేశం. ఆ ఒప్పందం 2014లో సీసం తూటాలను, గుండ్లను తగ్గించే మార్గదర్శకాలు తెచ్చింది. 2020లో దాని సదస్సు గాంధీనగర్‌లోనే జరిగింది.

కానీ సెక్షన్ 32 పట్టుకుని రేపే వలలు జప్తు చేస్తే నష్టపోయేది పడవ మీద బతికే కుటుంబమే. సంప్రదాయ మత్స్యకారులకు వలలు ఇచ్చే పథకం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఉంది. ఆ వలలను సీసం లేని గుండ్లతో ఇవ్వడం, పాత గుండ్లను తూకం వేసి డబ్బిచ్చి వెనక్కి తీసుకోవడం ముందు జరగాలి. నిషేధం ఆ తర్వాత. పాత సీసానికి మార్కెట్‌లో ఎలాగూ ధర ఉంది కాబట్టి ఖర్చులో కొంత తిరిగొస్తుంది.

ఇళ్లు చేయగలిగింది ఒకటుంది. చాటుగా అమ్మే అడవి పక్షి మాంసాన్ని కొనకపోవడం. అది నేరం. పైగా గుండు తీసేసినా కంటికి కనబడని సీసం ముక్కలు మాంసంలో మిగులుతాయి. జబహ్ చేశారా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. తినేది తయ్యిబ్, అంటే ఒంటికి మేలు చేసేదిగా కూడా ఉండాలి కదా.