నెత్తురులో మందు కొలత

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు సభలలో తఱచుగ వినబడుచున్నది. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు ఆయన నాయకుడై యున్న కాలముననే ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు నౌషధములు వెలువడినవి. మెథొట్రెక్సేట్ ఆ కుటుంబములోనిదే. రక్తపు క్యాన్సరు పాలైన పసిబిడ్డలకు నేటికిని అది ముఖ్యాధారము. కాని దానిని పెద్ద మోతాదున నిచ్చి, నెత్తురులో నెంత మిగిలినదో కొలువకుండుట ప్రాణములతో చెలగాటమని యా సభలలో నెవ్వరును చెప్పుట లేదు.

ఒకే బరువుగల యిద్దరు బిడ్డలకు ఒకే మోతాదు నిచ్చినను, ఒకరికి మందు త్వరగ వెడలిపోవును. ఇంకొకరికి మూత్రపిండములలో నిలిచి, వానినే చెఱచి, అందువలన మఱింత నిలుచును. దీనికి విరుగుడు లూకోవోరిన్. రక్తమున మందు లీటరుకు సుమారు 0.1 మైక్రోమోలు కంటె తగ్గువఱకు దాని నీయవలయును. కావుననే 24, 48, 72 గంటలకు కొలత యావశ్యకము. ధాన్యమునకు కుంచమును, బంగారమునకు త్రాసును పరీక్షించి చూచుకొను మనము, మందు విషయమున మాత్రము ‘మూడు పూటల’ లెక్కతో తృప్తిపడుచున్నాము!

యాంటీబాడీలతో కొలుచు చౌక పద్ధతి యొకటి వాడుకలో నున్నది. సామాన్య స్థితిలో నది చాలును. కాని మూత్రపిండములు చెడిన రోగికి గ్లూకార్పిడేజ్ అను నెంజైము నిచ్చినపుడు మందు విఱిగి డాంపా అను పదార్థ మేర్పడును. ఆ పరీక్ష దీనిని గూడ మందుగనే లెక్కించి, లేని విషమును చూపును. మాస్ స్పెక్ట్రోమీటరు అణువుల భారమునుబట్టి వేఱుచేయును గనుక, 454 భారముగల మెథొట్రెక్సేటును 325 భారముగల డాంపాగ పొరబడదు.

అయితే నెత్తురును నేరుగ యంత్రములో పోయరాదు. ప్రోటీనులు, క్రొవ్వులు దానిని చెఱచును. ఇచ్చట సూక్ష్మ నిష్కర్షణము తోడ్పడుచున్నది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున యానుష్ పావ్లిషిన్ పండితుడు 1990 ప్రాంతమున ప్రవేశపెట్టిన యుపాయ మిది. వెండ్రుకవంటి తంతువునకు పూతపూసి ద్రవములో ముంచగా, కావలసిన పదార్థము దాని నంటుకొనును. కొలది ద్రావకముతో దానిని కడిగి తీయుదురు. విస్తారమైన ద్రావకముతో పని లేదు. ప్రోటీనులకు కట్టుబడక స్వేచ్ఛగ తిరుగు భాగమును గూడ దీనితో తెలిసికొనవచ్చును. రోగిపై పనిచేయునది ఆ భాగమే గదా.

ఈ విద్య మనకు క్రొత్తగాదు. 1944లో పుట్టిన హైదరాబాదు పరిశోధనశాల, నేటి భారత రసాయన సాంకేతిక సంస్థ, ఈ విద్యలో పేరుగాంచినది. విదేశముల కెగుమతియగు మాత్రలను పరీక్షించుటకై హైదరాబాదు నగరముననే ఆరోగ్యవంతుల నెత్తురును ఇట్టి యంత్రములతో కొలుచుచున్నారు. పరదేశి కొనుగోలుదారుని తృప్తికై కొలత దొరకుచుండగా, మన రోగబాలునికి దొరకకుండుట యే న్యాయము?

యంత్రము కోట్ల వెలగలదనియు, విదేశములనుండి తెప్పించవలసినదనియు నందురు. నిజమే. ప్రతి యాసుపత్రికి నొకటి కావలెనని మే మనుట లేదు. విశాఖపట్టణము, గుంటూరు, కర్నూలు, వరంగల్లు, హైదరాబాదు బోధనాసుపత్రులలో నొక్కొక్కటి యుంచి, శిక్షితులగు రసాయనజ్ఞులను నియమించి, చుట్టుప్రక్కల జిల్లాల నెత్తురు నాడే చేరునట్లు చేయవలయును. యంత్రమును కొని మనిషిని నియమింపకుండుట మన ప్రభుత్వములకు పాత యలవాటు. ఆరోగ్య పథకములలో మందు వెలకు తోడు కొలత వెలకును ప్రత్యేక పద్దు కావలెను. మూర్ఛరోగికి ఫెనిటాయిన్, మూత్రపిండము మార్పించుకొన్నవారికి టాక్రోలిమస్ కొలుచుటకును ఆ యంత్రమే చాలును.