నో బిడ్ బేళ్లు ఎవరు కొనాలి? పొగాకు బోర్డే కొనాలి!

చంద్రశేఖరపురం మండల పొగాకు రైతులారా, కౌలు రైతులారా, బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట కాసే అన్నల్లారా, ఆకు కొట్టి గ్రేడు చేసే అక్కల్లారా!

కనిగిరి వేలం కేంద్రంలో కొనేవాళ్లు బేలును ఓ చూపు చూసి, నోరు మెదపకుండా ముందుకు నడుస్తారు. నో బిడ్! ఆ బేలును మళ్లీ బండికెత్తి ఇంటికి తెచ్చుకోవాలి. హమాలీ మనదే, బాడుగ మనదే. మళ్లీ కనిగిరి తీసుకెళ్లేసరికి, ఎంతకైనా వదిలించుకుని వస్తే చాలనిపిస్తుంది. కంపెనీలకు కావలసిందీ అదే. 2024లో మేలు రకం ఆకు కిలో 300 రూపాయలు దాటి పలికింది. అది చూసి కౌళ్లు పెరిగాయి, బ్యారన్ అద్దెలు పెరిగాయి, కూలి పెరిగింది. 2025లో ధర దిగింది. లోగ్రేడు ఆకును అడిగే దిక్కు లేకపోయింది. పెట్టిన ఖర్చు మాత్రం వెనక్కి దిగదు కదా!

ఇలాంటప్పుడు రైతు పక్కన నిలబడాలనే పొగాకు బోర్డు పెట్టారు. 1975లో పార్లమెంటు చట్టం చేసింది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు వచ్చింది. అంతకుముందు కంపెనీ వాళ్లు చెప్పిందే గ్రేడు, ఇచ్చిందే ధర. మన రాష్ట్రంలో 1985లో వేలం వచ్చాక ఆ పెత్తనం కొంత తగ్గింది. ఆ మేలు కాదనం. వేలం ఉండాల్సిందే.

కానీ వేలం నడిపి చేతులు దులుపుకుంటే బోర్డు పని అయిపోదు. ఆ చట్టంలోని 8వ సెక్షన్ పిల్లల చేత చదివించుకుని వినండి. రైతుకు గిట్టుబాటు ధర అందేలా, ధరలు ఇష్టమొచ్చినట్టు ఎగిరి పడకుండా కనిపెట్టి ఉండాలని అందులో ఉంది. రైతుల మేలు కోసం అవసరమైతే బోర్డే వర్జీనియా పొగాకు కొని, దేశంలో గానీ విదేశాల్లో గానీ అమ్ముకోవచ్చనీ ఉంది. యాభై ఏళ్ల కిందటే రాసిపెట్టిన అధికారం ఇది.

ఆ అవసరం ఎప్పుడొస్తుంది? 2015లో ధర కూలి ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2020లో వర్జీనియా కొనడానికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దించాల్సి వచ్చింది. 2025లో బర్లీ రకం పొగాకు కొనడానికీ మార్క్‌ఫెడ్డే రావాల్సి వచ్చింది. బర్లీ మాది కాదని బోర్డు అనొచ్చు. మరి వర్జీనియా ఎవరిది?

ఎంత పండించాలో బోర్డు చెబుతుంది. ఏ బ్యారన్‌కు లైసెన్సో, ఆకు ఎక్కడ అమ్మాలో బోర్డే చెబుతుంది. బ్యాంకు అప్పు బేళ్ల పైకంలోనే పట్టుకుంటారు. పండేదాకా ఇన్ని కట్టుబాట్లు పెట్టి, ధర పడ్డాక "మార్కెట్టు అంతే" అంటే ఊరుకుందామా?

"పొగాకు హాని కదా, మానేయరాదా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. నిజమే, హానే. మానేయడానికీ సిద్ధమే. 2004లో భారత్ ఆమోదించిన పొగాకు నియంత్రణ ఒప్పందం కూడా రైతుకు వేరే బతుకుదెరువు చూపాలనే అంటోంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్లుగా కళ్లు కాయలు కాసేలా చూస్తున్న ఈ మెట్టలో ఆ వేరే పంటేదో చూపించండి. బ్యారన్ మీద పోసిన డబ్బుకు పరిహారం కట్టించండి. అందాకా పండిన ఆకుకు ధర కట్టాల్సిందే.

లోగ్రేడుతో సహా ప్రతి గ్రేడుకూ కనీస ధర సీజనుకు ముందే చెప్పాలి. ఆ ధర పలకని బేళ్లు బోర్డే కొనాలి. లైసెన్సు ఎవరి పేరున ఉన్నా, సాగు చేసే కౌలు రైతు పేరు బోర్డు పుస్తకంలో ఎక్కాలి.

ఇక మనం చేయాల్సింది. అనుమతికి మించి ఒక్క మొక్క నాటొద్దు, ఎక్కువ పండిందనే సాకు కంపెనీలకు మనమే ఇవ్వొద్దు. నో బిడ్ పడిన ప్రతి బేలు నంబరు, గ్రేడు, తేదీ నోటు పుస్తకంలో రాసుకోండి. చీటీలు పారేయకండి. ఊరికి ఇద్దరు ముందుకొచ్చి ఆ లెక్కలన్నీ ఒకచోట చేర్చండి. నోటిమాటగా చెబితే అధికారి విని వదిలేస్తాడు, బేళ్ల నంబర్లు ముందు పెడితే జవాబు రాయక తప్పదు. ఆ అర్జీ కనిగిరి వేలం కేంద్రంలో ఇచ్చి రసీదు తీసుకుందాం. నకలు గుంటూరుకు, ఇంకో నకలు మన ఎంపీకి పంపుదాం. బోర్డులో పార్లమెంటు సభ్యులకూ కుర్చీలున్నాయి, అక్కడ మన మాట ఎత్తమని అడుగుదాం.

ఎవరికి వాళ్లు విడిగా వెళ్లకండి. అన్ని ఊళ్ల బళ్లూ ఒకేరోజు కడదాం. రసీదు ఇవ్వబోమంటే అక్కడే కూర్చుందాం.

ఇట్లు,
చంద్రశేఖరపురం మండల పొగాకు రైతులు, కౌలు రైతులు