మధ్యరంగమున కెవరు?

ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగుపై మన యువకులకు గల మక్కువ పెద్దలకు తెలియనిది కాదు. బెంగుళూరు కానిండు, చెన్నై కానిండు, బరంపురము కానిండు, షోలాపూరు కానిండు, శని ఆదివారముల రాత్రులు మన యిండ్లలో టెలివిజనులోనో చేతిఫోనులోనో ఆ యాటలే నడచుచుండును. వేసవిలో ఆటలు లేనప్పుడు వాదములు నడచును. తమ క్లబ్బు ఏ మిడ్‌ఫీల్డరును కొనవలెనను ప్రశ్నపై అన్నదమ్ములు సైతము ముఖముఖములు చూచుకొనని దినములు కలవు. ఈ వాదమును పిల్లచేష్టయని త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. కాని, ఎవరిని కొనవలెనని అడుగుటకు ముందు ఏ పనికి మనిషి కావలెనో తేల్చుకొనవలెననియు, ఆ పని చేయగలవాడు ఇంటనే యున్నాడేమో చూడవలెననియు మా యభిప్రాయము. 2023 మొదలు 2025 వరకు లివర్‌పూల్ క్లబ్బున జరిగినది దీనికి నిదర్శనము.

మిడ్‌ఫీల్డరన్న పేరొకటే గాని పనులు పెక్కు. బ్యాకులకు ముందు నిలిచి ఎదిరిపక్షము దాడిని త్రుంచి బంతిని ముందుకు నడపువాడొకడు. రెండు గోళ్ళ నడుమ అలుపెరుగక పరుగెత్తువాడొకడు. ఫార్వర్డుల వెనుక నుండి గోలునకు దారి తీయువాడొకడు. ఒకని పని మరొకడు చేయలేడని కాదు. ఏ పని ఖాళీగా నున్నదో తెలియక పేర్లు పలుకుట వ్యర్థమని మా భావము.

2023 వేసవిలో లివర్‌పూల్ మధ్యరంగము ఒక్కుమ్మడిగా ఖాళీ యయ్యెను. హెండర్సన్, ఫబీన్యో సౌదీ అరేబియా క్లబ్బులకు తరలిరి. మిల్నర్, కెయిటా, ఆక్స్‌లెయిడ్ చాంబర్లెన్ ఒప్పందములు ముగిసి వెడలిరి. వచ్చిన మెక్ అలిస్టర్, సొబొస్లాయ్ ఇరువురును ముందుకు సాగి యాడుటయందు నేర్పరులు. కావలి కాచు స్థానము మాత్రము ఖాళీగా నుండెను. అభిమానులందరి నోట రెండే పేర్లు: కైసేదో, లావియా. కైసేదో కొరకు క్లబ్బువారు బ్రైటన్ క్లబ్బుతో 11 కోట్ల 10 లక్షల పౌనులకు ఒప్పుకొనిరి. అతడు చెల్సీకే పోదునని చెల్సీలోనే చేరెను. లావియాయు అటే పోయెను. తుదకు స్టుట్‌గార్ట్ నుండి సుమారు 1 కోటి 60 లక్షల పౌనులకు జపాను నాయకుడు ఎండో వచ్చెను. ముప్పది యేండ్లవాడని పలువురు పెదవి విరిచిరి. సెప్టెంబరు 1వ తేదీన బయర్న్ మ్యూనిక్ నుండి ఇరువదియొక్క యేండ్ల డచ్చి యువకుడు గ్రావెన్‌బెర్క్ చేరెను.

తరువాత జరిగినదేమి? గాయములవలన లావియా ఆ సంవత్సరము ఒక్క యాటలో మాత్రమే కనబడెను. 2024 ఫిబ్రవరి 25న చెల్సీతో జరిగిన లీగ్ కప్ తుది పోటీలో ఎండో 120 నిమిషములును మైదానమున నిలిచెను. లివర్‌పూల్ 1-0తో గెలిచెను. న్యాయముగా చెప్పవలసినచో, కైసేదో అటుపిమ్మట చెల్సీ జట్టునకు మూలస్తంభ మయ్యెను. అతని శక్తి విషయమున అభిమానులు పొరబడలేదు. అతడు లేనిదే బ్రదుకు లేదన్నచో పొరబడిరి.

2024లో క్లాప్ స్థానమున స్లాట్ శిక్షకుడై వచ్చెను. మరల అదే స్థానము, మరల అదే కేక. ఈ పర్యాయము రియల్ సొసియెదాద్ ఆటగాడు సుబిమెండి. అతడు తాను పుట్టిన సాన్ సెబాస్టియన్ ఊరి క్లబ్బునే నిలువ నెంచెను. అభిమానులు తలపట్టుకొనిరి. స్లాట్ మాత్రము, వెనుకటి యేడు ఎక్కువ యాటలలో మొదటి పదునొకండుగురిలో చోటు దొరకని గ్రావెన్‌బెర్క్‌ను ఆ కావలి స్థానమున నిలిపెను. 38 లీగు ఆటలలో 37 అతడు ఆడెను. లీగులో ఆ యేటి ఉత్తమ యువ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. 2025 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి లివర్‌పూల్ 20వసారి ఇంగ్లండు విజేత యయ్యెను. ఊరంతయు వెదకినవాడు ఇంటి అరుగుపైననే కూర్చుండి యుండెను.

కొనుగోళ్ళు వలదని మేము చెప్పుట లేదు. గ్రావెన్‌బెర్క్ సైతము కొన్నవాడే. సుబిమెండి వచ్చి యున్నచో గ్రావెన్‌బెర్క్‌కు ఆ చోటు దొరకెడిది కాదేమో యనువారి మాటలో నిజము లేకపోలేదు. క్లబ్బువారును మొదట బయటనే వెదకిరి. అందుచేతనే మా యాందోళన: దారి మూసికొనిపోయినప్పుడు గాని ఇంటివాని విలువ తెలియనిచో, బెంచీపైననే వయసు వెళ్ళబుచ్చు యువకు లెందరుందురో!

ఆటగాడు సంతలోని యెద్దు కాడు. అతని యిష్టము అతనికి గలదు. సుబిమెండి 2024లో రాననెను. 2025లో ఆర్సెనల్‌కు పోయెను. రెండును అతని నిర్ణయములే. రానివానిని ద్రోహియని తిట్టుట మన యువకులకు తగదు.

అభిమానులకు మాటాడు హక్కు లేదనుటయు సరికాదు. 77 పౌనుల టిక్కెట్టు ధరను నిరసించి 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ అభిమానులు వేలకొలదిగా 77వ నిమిషమున లేచి వెడలిపోగా, కొలది దినములలోనే యజమానులు ఆ ధరను ఉపసంహరించుకొనిరి. తమకు తెలిసిన విషయమును ఒక్కమాటగా పలికినప్పుడు వారి మాట చెల్లెను.

కావున యువకులకు మా మనవి యిది. ఏ పని ఖాళీగా నున్నది? ఆ పనికి మన జట్టులో ఎవరిని పరీక్షించి చూచితిమి? బయటివాడు ఇష్టపడి వచ్చునా? ఈ మూడింటికి సమాధానము చెప్పుకొని పిమ్మట పేరు పలుకుడు. అంతకు ముందే పేరెత్తి అరచుట వేలంపాట యగును గాని వాదము కానేరదు.