గోడకు అవతలి శ్రోత

తన యింట తాను వాద్యము వాయించుకొనుటలో దోషమేమని కొందరు ప్రశ్నింతురు. ఇల్లు తనదే గాని, అపార్టుమెంటులో గోడ ఇద్దరిదని వారు మరచుచున్నారు.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండరు అమ్మకమునకు తెచ్చిన విద్యుత్ బేస్ గిటారుకు వీణకున్నట్టి కుండ లేదు; గట్టి కొయ్యయే దాని దేహము. తీగల కంపనము విద్యుత్తుగా మారి, స్పీకరు ద్వారా మరల నాదమగును. అన్నిటికంటె లావైన తీగ సెకనుకు సుమారు 41 సారులు కంపించును. అంతటి మంద్రనాదమును సామాన్యమైన గోడలు ఆపజాలవు. పరీక్షకు చదువుకొను బాలునికి, జ్వరముతో పడుకొన్న వృద్ధునికి అది గుండెదడవలె తోచును.

స్పీకరును ఆపి హెడ్‌ఫోనులు తగిలించుకొనుట పిరికితనము కాదు, సంస్కారము. ఇందు సాధకునికి లాభమును కలదు: ఆపవలసిన తీగ మ్రోగుచుండుట, తాళము తప్పుట వంటి దోషములు చెవిలోనే నిలదీయును. అయితే ధ్వనిని మితిమీరి పెంచరాదు. అట్టి మ్రోతచే చెడిన వినికిడి తిరిగి రాదు.

ఐనను బేస్ ఏకాంత వాద్యము కాదు. డ్రమ్ముల లయతో జతగూడి పాటను మోయునది. ఒంటరిగా నేర్చినది తోటివారి నడుమ పరీక్షకు నిలువవలెను. ఇతరులను విననివాడు వారితో కలసి వాయింపజాలడు. పొరుగువాని నిద్రను గౌరవించుట ఆ వినుటకు మొదటి పాఠము.