రిఫర్ చేసే ముందు



కాలువలకు నీళ్లొదిలి నాట్లు మొదలయ్యాక కృష్ణా డెల్టాలో ఏటా జ్వరాల వార్తలు వస్తాయి. జ్వరంతో ఫిట్స్ వచ్చి, పిలిచినా పలక్కుండా పడిపోయిన పిల్లవాణ్ణి పీహెచ్‌సీకి తీసుకెళ్తే, నేను చూసినంతలో, ఎక్కువసార్లు జరిగేది చీటీ రాసి విజయవాడ పంపించడమే. నాగాయలంక, కోడూరు వైపు నుంచి 108లో వచ్చినా గంటన్నర పడుతుంది. పంపడం తప్పని అనను. ఏమీ చేయకుండా పంపడం తప్పంటున్నాను.

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలైతే 183 మంది చనిపోయారు. పరిశోధకులు చండీపురా వైరస్ అని తేల్చారు. ఆసుపత్రిలో చేరిన ఒక్క రోజులోపే పోయిన పిల్లలే ఎక్కువ. ఆ వైరస్‌కు మందు లేదు. అందుకని మెదడు జ్వరమంటేనే చేయగలిగిందేమీ లేదన్న నిస్పృహ మనలో పాతుకుపోయింది.

కానీ స్పృహ తప్పడానికి కారణాలన్నీ అలాంటివి కావు. రెండ్రోజులుగా అన్నం ముట్టని పసివాడికి రక్తంలో చక్కెర పడిపోతే అచ్చం మెదడువాపులాగే ఉంటుంది. సూదిమొన రక్తంతో నిమిషంలో తెలుస్తుంది, నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తే సరిపోతుంది, ఆలస్యమైతే మాత్రం మెదడు దెబ్బతింటుంది. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏళ్ల తరబడి పిల్లల్ని పొట్టనబెట్టుకున్న వింత జబ్బులో ఈ చక్కెర పడిపోవడమే కీలకమని 2014లో జరిపిన పరిశోధనలో తేలింది. బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌కు యాంటీబయాటిక్ ఉంది. వెన్నునీటి పరీక్ష అయ్యేదాకా ఆగకుండా తొలి డోసు పడాలి. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ ఉంది. చంకలోనో గజ్జల్లోనో చిన్న నల్లటి పెచ్చు కనిపిస్తుందేమో బట్టలు తీసి వెతకాలి, అంతే. ఏజెన్సీ నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలైతే మలేరియా కిట్ పరీక్ష అక్కడికక్కడే చేయవచ్చు.

ఐదు నిమిషాలు దాటినా ఫిట్స్ ఆగకపోతే ముక్కులో మిడజోలం స్ప్రే కొట్టాలి. పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇళ్లల్లో చేతికి తాళాలు పెట్టి, నోట్లో నీళ్లు పోస్తుంటారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ ఈ మాట చెప్పాలి.

బతికి బయటపడ్డవారి సంగతి ఎవరూ రాయరు. జపనీస్ మెదడువాపు లక్షణాలు కనిపించినవారిలో 30 శాతం దాకా చనిపోవచ్చని, బతికినవారిలో 20 నుంచి 30 శాతం మందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మాట పడిపోవడం, చెయ్యో కాలో లాగేయడం, మళ్లీ మళ్లీ ఫిట్స్, బడిలో వెనకబడటం. డిశ్చార్జి కాగితంతో ఇల్లు చేరిన ఆ పిల్లల్ని తర్వాత చూసేదెవరు? వాళ్ల పేర్లు ఆ ఊరి ఏఎన్ఎంకు చేరాలి. ఫిట్స్ మాత్రలు ఆగిపోకుండా, ఫిజియోథెరపీ అందేలా చూడాలి.

జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఇదీ. వచ్చే ఖరీఫ్‌కు కాలువలు వదిలేలోపు ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి 108లో గ్లూకోమీటరు పట్టీలు, గ్లూకోజు, మిడజోలం, సెఫ్ట్రియాక్సోన్ ఉన్నాయో లేదో స్వయంగా తనిఖీ చేయించండి. రిఫరల్ చీటీ మీద చక్కెర ఎంత ఉందో, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో రాయనిదే బండి కదలకూడదని ఆదేశించండి.

— విశ్రాంత ఆరోగ్య కార్యకర్త, అవనిగడ్డ